కనబడని ముకుతాడు

జంతువునకు నొప్పి కలుగనిచో దానికి అపకారమును జరుగలేదని కొందఱు వాదించుచున్నారు. ఈ వాదము వినుటకు దయగలదిగా నున్నది, విచారించినచో నిలువజాలదు.

1963లో స్పెయిను దేశమందలి కార్డోబా ప్రాంతమున హోసే డెల్గాడో అను శాస్త్రజ్ఞుడు, వృషభయుద్ధమునకు పెంచిన కోడె మెదడులో సన్నని లోహతంతులు నాటి, మీదికి వచ్చుచున్న దానిని చేతిలోని రేడియో యంత్రపు మీట నొక్కి నిలిపెను. 1965లో పత్రికలు ఈ వింతను లోకమునకు చాటినవి. కోడె కోపమే శమించెనని పలువురు నమ్మిరి. ఆ విద్యుత్తు దాని దేహమును ప్రక్కకు త్రిప్పినదే గాని కోపమును చల్లార్చినదనుటకు నిదర్శనము లేదని ఎలియట్ వాలెన్‌స్టీన్ తరువాత ఆక్షేపించెను. ముకుతాడు లాగిన రైతు తన యెద్దునకు శాంతి బోధించితినని చెప్పుకొనునా?

2002లో న్యూయార్కున సంజీవ్ తల్వార్, జాన్ చాపిన్ మున్నగువారు ఇంకను ముందునకు పోయిరి. అయిదు ఎలుకల మెదడులలో తంతులు నాటి, వీపులపై రేడియో పరికరములు కట్టిరి. మీట నొక్కినంతనే కుడిమీసమునకో యెడమమీసమునకో ఏదియో తగిలినట్లు ఎలుకకు తోచును. అది ఆ వైపునకు తిరిగినచో, మెదడులోని సుఖస్థానమునకు విద్యుత్తు బహుమానముగా అందును. ఇట్లు 500 మీటర్ల దూరమునుండియు దానిని నడుపవచ్చుననిరి. వెలుతురుగల బయలును ఎలుకలు సహజముగా భయపడి విడిచిపెట్టును. అట్టి చోటులకు సైతము వానిని నడిపించిరి.

ఇచ్చటనే మా యాక్షేపణ. భయము ఎలుకకు ప్రాణరక్షకము. దానిని సుఖముచే త్రోసిపుచ్చుట దయ యెట్లగును? చర్నాకోల దెబ్బ తిన్న యెద్దు కాడి క్రింద కూలబడి మొరాయింపగలదు. తన శత్రువెవ్వడో దానికి తెలియును. కోరికయే పరాధీనమైన ప్రాణి దేనిని ఎదిరించును?

కూలిన కట్టడముల క్రింద చిక్కినవారిని ఈ యెలుకలు వెదకి రక్షింపగలవని సమాధానము చెప్పుదురు. ప్రాణరక్షణము గొప్పదే. కాని టాంజానియాలో తిండి బహుమానముగా నిచ్చి నేర్పిన యెలుకలు భూమిలోని మందుపాతరలను వాసనచే పసిగట్టుచున్నవి. వాని తలలలో తంతులు లేవు. పని వలదన్నచో ఆ యెలుక నిలిచిపోవును.

కావున ఇట్టి ప్రయోగములను అనుమతించువారు "దీనికి నొప్పి కలుగునా?" అని మాత్రమే యడిగిన చాలదు. "వలదనుటకు దీనికి ఏమి మిగిలినది?" అనియు నడుగవలెను. ఏమియు మిగులనిచో, అట్టి ప్రయోగమునకు అనుమతి నిరాకరించుటయే న్యాయమని మా నిశ్చితాభిప్రాయము.