తెల్ల ప్లేటు కారు కిరాయికి తీసుకునేటోళ్లు, ఇచ్చేటోళ్లు ఒక్కసారి చదవండి

పసుపు రేటు, వడ్ల కాంటాల ముచ్చట రేపు రాస్త. ఇయ్యాల కిరాయి కార్ల గురించి రాస్తున్న. పోస్టు జర పెద్దదే. ఓపికతోటి చదవండి, ఎందుకంటే ఇది తిరిగి తిరిగి మన భూమి దాకా వచ్చే ముచ్చట.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఎక్కడ చూసినా ఇప్పుడు సెల్ఫ్ డ్రైవ్ కార్ల ముచ్చటనే. స్విఫ్టో ఎర్టిగానో తీసుకపో, 24 గంటల లెక్క, డీజిల్ నువ్వే పోసుకో అంటున్నరు. అవసరం ఉన్నది కాబట్టే గిరాకీ ఉన్నది, అది నేను కాదనను. పెద్దపల్లి–నిజామాబాద్ రైలు లైను 2017ల పూర్తయింది, కోరుట్లల స్టేషన్ ఉన్నది, జగిత్యాలోళ్లకు లింగంపేటల ఉన్నది. కాని ఆ బండ్ల టైముకు మన పని కుదరాలె గదా. సిరిసిల్లకు అదీ లేదు. మనోహరాబాద్–కొత్తపల్లి లైను మీద సిద్దిపేటకు 2023 అక్టోబర్‌ల రైలొచ్చింది, సిరిసిల్లోళ్లు ఇంకా ఎదురు చూస్తున్నరు. బస్సు సంగతికొస్తే 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లు ఫ్రీ అయినయి. మంచి పనే, మా ఇంటామె కరీంనగర్ దవాఖానకు పైస ఖర్చు లేకుంట పోయొస్తది. కాని పొద్దుగూకినంక కోరుట్ల నుంచి రుద్రంగి మీదికెళ్లి వేములవాడ పోవాలంటే బస్టాండ్ల ఎంతసేపు కూసోవాల్నో పోయేటోనికే ఎరుక. ఇగ తెల్లారగట్ల శంషాబాద్‌ల దుబాయ్ ఫ్లైటు ఎక్కేటోడు ఏ బస్సును నమ్ముకుంటడు? పెండ్లి, చావు, ఆపద అన్నిటికీ కారే దిక్కయింది.

నా గొడవంత నంబర్ ప్లేటు రంగు మీదనే. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంతానికి వాడుకునే బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే డ్రైవర్‌తోటి వచ్చే ట్యాక్సీ. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే మనమే నడుపుకునేటట్టు పర్మిట్ ఉన్న కిరాయి బండి. మీరే చెప్పండి, మన దిక్కు నల్ల ప్లేటు కారు ఎన్నిసార్లు చూసిండ్రు? సెల్ఫ్ డ్రైవ్ అని మనకిచ్చేటియి మస్తుమట్టుకు తెల్ల ప్లేటువే.

ప్లేటు ఏ రంగైతే మనకేంది, బండి నడుస్తుంది గదా అంటరు. నడిచినన్ని రోజులు ఏం కాదు. ట్రాక్టర్ సంగతి యాది తెచ్చుకోండి. వ్యవసాయానికి అని ఇన్సూరెన్స్ చేయించిన ట్రాక్టర్ ట్రాలీల పెండ్లోళ్లను ఎక్కించుకపోతే, బోల్తా పడ్డనాడు కంపెనీ ఏమంటదో మనకు తెల్వదా? 'మేము మనుషులను మోసేటందుకు పాలసీ ఇయ్యలే' అంటది. కారుకు కూడ గదే లెక్క. సొంత కారు పాలసీల కిరాయికి తిప్పొద్దని రాసి ఉంటది. పర్మిట్ లేకుంట కిరాయికి తిప్పిండ్రని తేలితే కారు రిపేరు పైసలు రావు. ఎదుటి మనిషికి దెబ్బ తాకినా, పానం పోయినా, కంపెనీ కోర్టుల అడ్డం తిరిగేటందుకు మోటారు వాహనాల చట్టమే దారి ఇచ్చింది. కోర్టులు చాలాసార్లు ముందుగాల బాధితులకు కంపెనీనే కట్టమంటయి, ఆ పైసలు తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకొమ్మంటయి. లక్షలల్ల ఉంటది అది. ఓనర్ ఊకుంటడా? నడిపినోని మీద పడతడు.

అందుకే ఇచ్చేటోళ్లకు ఇంకా గట్టిగ చెప్తున్న. గల్ఫ్ నుంచి వచ్చిన మన పోరగాళ్లు ఉన్న పైసలు, ఇంకిన్ని ఫైనాన్స్ పెట్టి కారు కొంటున్నరు, ఈఎంఐ ఎల్లుతదని కిరాయికిస్తున్నరు. తమ్ముడూ, ఆర్సీ నీ పేరు మీద ఉన్నది. తాళం చెయ్యి ఎవని చేతికి పోయిందో, వాడు తాగి నడుపుతున్నడో, లైసెన్స్ ఉన్నదో లేదో నీకెట్ల తెలుస్తది? పదిహేడేండ్ల పోరనికి ఇస్తే 2019ల మార్చిన చట్టం ప్రకారం ఓనర్‌కు మూడేండ్ల దాకా జైలు, 25 వేల జుర్మానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు.

తీసుకునేటోళ్లది ఇంకో తిప్పల. జమానతు కింద బైకు, ఆధార్ కార్డు పెట్టమంటరు, సరే. కొన్ని తావుల ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం అడుగుతున్నరు. మొన్న ఒక దగ్గర నన్నే అడిగిండ్రు, నేను అటునుంచి అటే వాపస్ వచ్చిన. ఒక్క పూట కారు కోసం ఖాళీ నోటు మీద సంతకమా? అండ్ల రేపు ఎంత రాసుకుంటరో, ఎవలకు ఎరుక?

దుబాయ్‌ల ఉండొచ్చినోళ్లను అడగండి. అక్కడ కిరాయి కారు తీసుకుంటే కాగితం మీద అన్నీ రాసి ఉంటయి, డిపాజిట్ పట్టుకుంటరు, ఫైన్లు పడితే అండ్లకెళ్లి కోసుకుంటరు. కిరాయి బండికి కిరాయి ఇన్సూరెన్సే ఉంటది. మన దగ్గర ఎందుకు గట్ల లేదంటే, తప్పంత ఈ పోరగాళ్లదే అని నేననను. 1989ల కేంద్రం తెచ్చిన రెంట్ ఎ క్యాబ్ స్కీము ప్రకారం సెల్ఫ్ డ్రైవ్ లైసెన్స్ కావాలంటే తక్కువల తక్కువ 50 కార్లుండాలె. కోరుట్లల 50 కార్లు ఎవలు పెడతరు? హైదరాబాద్ కంపెనీలకు కుదురుతది, మనకు కుదరదు. రెండు కార్లున్నోనికి సక్కటి తొవ్వ మూసేస్తే దొంగ తొవ్వనే పడతడు. ఐదు కార్లకు లైసెన్స్ ఇయ్యి, టాక్సు తీసుకో, ఇన్సూరెన్స్ కట్టించు. మన ఎంపీలు ఢిల్లీల ఇది అడగాలె. పసుపు బోర్డు కోసం అన్నేండ్లు అడిగినోళ్లం, ఇది అడగలేమా?

అప్పటిదాక నేనైతే డ్రైవర్‌తోటి పసుపు ప్లేటు బండే మాట్లాడుకుంటున్న. వెయ్యో రెండు వేలో ఎక్కువైతది, డ్రైవర్ బత్తా, టోల్ వేరే. కాని హార్వెస్టర్‌ను కిరాయికి తెచ్చినప్పుడు మనమే ఎక్కి నడుపుతున్నమా? డ్రైవర్‌తోటే వస్తది, ఏమన్నయితే వానిదే జిమ్మా. ఇది కూడ గట్లనే. పైంగ అర్ధరాత్రి శంషాబాద్ నుంచి వాపస్ వచ్చేటప్పుడు నిద్ర కాసే బాధ తప్పుతది. ఏడు సీట్ల బండిల పదకొండు మందిని మాత్రం ఎక్కియ్యకండి. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాటు మీద కిక్కిరిసిన బస్సు పడి 60 మందికి పైగా పోయిండ్రు, ఆ ఊర్లల్ల ఏడుపు మనం చెవులార విన్నం.

బండి మాట్లాడేటప్పుడు నంబర్ అడిగి ఎమ్‌పరివాహన్ యాప్‌ల కొట్టి చూడండి. మోటార్ కార్ అని ఉంటే సొంత బండి, మోటార్ క్యాబ్ అని ఉంటే కిరాయి బండి. ఇన్సూరెన్స్ తారీఖు కూడ అండ్లనే కనవడతది. యాప్ రానోళ్లు ఇంట్ల పిల్లలను అడగండి, రెండు నిమిషాల పని.