సైకిలుకు లైసెన్సు లేదు, చట్టం మాత్రం ఉంది

సైకిలు తొక్కడానికి లైసెన్సు అక్కరలేదు. రిజిస్ట్రేషను లేదు, బీమా లేదు. అందుచేత రోడ్డు నిబంధనలు మోటారు బళ్ల వారికే గాని తమకు కావని సైకిలు మీద తిరిగేవారిలో చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయం ప్రాణాల మీదికి తేవడమే కాదు, ప్రమాదం జరిగాక కుటుంబానికి దక్కవలసిన పరిహారానికి కూడా గండి కొడుతుంది.

ఒకప్పటి పరిస్థితి వేరు. మున్సిపాలిటీలు, పంచాయతీలు సైకిలుకు పన్ను వసూలు చేసి బిళ్ల ఇచ్చేవి. పొద్దుగూకాక దీపం లేకుండా వెళ్లినా, వెనక మనిషిని ఎక్కించుకున్నా పట్టణాల్లో పోలీసులు ఆపేవారు. ఆ బిళ్లలు పోయాయి, ఆ తనిఖీలూ పోయాయి. ఈలోగా రోడ్లు వెడల్పయ్యాయి, వాటి మీద వేగం పెరిగింది.

మన ప్రకాశం జిల్లాలో మద్దిపాడు, ఒంగోలు, టంగుటూరు, సింగరాయకొండ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారినే చూడండి. పాత 5వ నంబరు రోడ్డు ఇదే. ఊరు ఒక పక్క, పొలం మరో పక్క ఉన్న రైతుకూ, తెల్లవారకముందే పనికి బయలుదేరే కూలీకీ, పాల క్యాన్లు కట్టుకుని టౌనుకు పోయేవారికీ ఈ రోడ్డు దాటక తప్పదు, కొంత దూరం దాని వెంట పోకా తప్పదు. లారీలకు, కార్లకు బాగుపడిన రోడ్డు సైకిలు వారికి కష్టమైంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 4,800 మందికి పైగా సైకిలు మీద వెళ్తున్నవారే.

చట్టం ఏమంటోంది?

1989 జులై 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం దృష్టిలో సైకిలు మోటారు వాహనం కాదు. అంతమాత్రాన సైకిలు చట్టానికి అతీతం కాదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను ఏ వాహనాన్నయినా ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా నడిపితే 6 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటోంది. సైకిలు కూడా ఇందులోకే వస్తుంది.

మోటారు బండి నడిపేవారికీ బాధ్యత ఉంది. పాదచారులు, సైకిలు వారి పట్ల ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు తెలియజేయాలి.

ఎదురు వెళ్లడమే పెద్ద ముప్పు

డివైడరుకు సందు దూరంగా ఉందని, అండర్‌పాసు దాకా పోతే చుట్టవుతుందని ఎడమ పక్క వదిలి ఎదురుగా తొక్కడం మన వద్ద మామూలైపోయింది. వచ్చే బండి కంటికి కనిపిస్తుంది కాబట్టి ఇదే క్షేమమని కొందరి వాదన. లెక్క వేస్తే ఆ వాదన నిలవదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ముందు 15 కిలోమీటర్ల వేగంతో అదే దిశలో పోయే సైకిలును 100 మీటర్ల దూరంలో చూసిన డ్రైవరుకు సుమారు అయిదున్నర సెకన్ల వ్యవధి ఉంటుంది. సైకిలు ఎదురు వస్తే అది నాలుగు సెకన్లకు లోపే. పైగా పక్క రోడ్డు నుంచి మలుపు తిరిగే డ్రైవరు కుడి వైపు చూసుకుంటాడే గాని ఎడమ నుంచి ఎవరో వస్తారని అనుకోడు.

దీపం సంగతి మరీ ముఖ్యం. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి బ్రేకు వేసేలోగానే సగం దూరం అయిపోతుంది. చీకట్లో దీపం లేని సైకిలు దగ్గరకు వచ్చాక గాని కనిపించదు. అప్పటికి ఎంత మంచి డ్రైవరైనా చేయగలిగింది తక్కువ. ముందు తెల్లదీపం, వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు, ముదురు రంగు బట్టలైతే పైన తెల్ల తువ్వాలు ఉంటే దూరం నుంచే ఆనవాలు తెలుస్తుంది. సైకిళ్లకు రిఫ్లెక్టర్లు నాణ్యతా ప్రమాణాల ప్రకారం ఉండాలని కేంద్రం 2020లో ఉత్తర్వు జారీ చేసింది. కొత్త సైకిలుకు వచ్చిన రిఫ్లెక్టర్లను ఊడదీయవద్దు. పాత సైకిలుకు బిగించుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

రెండు బ్రేకులూ పని చేయాలి. గడ్డిమోపు, బస్తాలు హ్యాండిలు తిరగకుండా అడ్డం రాకూడదు. మలుపు తిరిగే ముందు వెనక్కి చూసి చెయ్యి చాపాలి. జాతీయ రహదారి దాటేటప్పుడు దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటడం మేలు. ఎర్ర వలయంలో సైకిలు బొమ్మ ఉన్న బోర్డు ఉంటే ఆ రోడ్డు మీదికి సైకిలు పోకూడదని అర్థం.

పరిహారంలో కోత

బండి వివరాలు తెలిసిన ప్రమాదంలో వాహన ప్రమాదాల ట్రిబ్యునల్‌లో 6 నెలల లోగా అర్జీ పెట్టాలని చట్టం. సైకిలు వ్యక్తి ఎదురు వచ్చాడనో, దీపం లేదనో రుజువైతే అతని తప్పు కూడా ఉందని పరిహారం తగ్గించే అవకాశం ఉంది. తప్పు ఎవరిదో నిరూపించనక్కరలేని 164వ సెక్షను కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు కోరవచ్చు. ఈ రెండు మార్గాల్లో ఒకటే ఎంచుకోవాలి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. దీనికి రెవెన్యూ అధికారులకు దరఖాస్తు చేసుకోవాలి. దేనికైనా పోలీసు స్టేషనులో కేసు నమోదు కావడం ముఖ్యం. ఊళ్లో రాజీ చేసుకుని పది వేలు పుచ్చుకున్న కుటుంబం తర్వాత చిక్కుల్లో పడుతుంది.

గాయపడినవారికి మొదటి 7 రోజుల్లో లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించకుండా చట్టంలో రక్షణ ఉంది. కాబట్టి చూస్తూ నిలబడక 108కి, జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయాలి.

పంచాయతీ చేయవలసింది

అన్ని బాధ్యతలూ సైకిలు తొక్కేవారి మీదే మోపడం న్యాయం కాదు. సర్వీసు రోడ్డు మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తే, దీపాలు లేని ట్రాక్టర్లు నిలిపితే సైకిలు పెద్ద రోడ్డెక్కక ఏం చేస్తుంది? రోడ్డుకు ఇలా అడ్డం కల్పించేవారికి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. ఈ పని చేసేది మన ఊరి వారే కాబట్టి మొదట మందలించవలసింది ఊరి పెద్దలే. అండర్‌పాసులో నీరు నిలిచినా, దీపాలు వెలగకపోయినా గ్రామసభలో తీర్మానం చేసి జాతీయ రహదారుల సంస్థకు, కలెక్టరుకు పంపాలి.

మోటారు లేని వాహనాలు, పాదచారుల విషయంలో నిబంధనలు చేసే అధికారాన్ని 2019 సవరణ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. 6 నెలల్లో చేయాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆ నిబంధనలు సైకిలును రోడ్డు మీద నుంచి తరిమేవిగా కాక, అది క్షేమంగా పోయే దారి చూపేవిగా ఉండాలి. ఏ మలుపులో ముప్పుందో, ఏ అండర్‌పాసులో నీరు నిలుస్తుందో రోజూ ఆ దారిన పోయేవారికే తెలుసు. ఆ మాట పంచాయతీల ద్వారా అధికారులకు చేరాలి. అంతవరకు ఎడమ పక్క, వెలిగే దీపం, పని చేసే బ్రేకు ఈ మూడే సైకిలు వారికి కాపుదల.