గురి తప్పిన వెలుగు

అరకులోయకు ఎక్కే అనంతగిరి ఘాట్ రోడ్డు మీదా, పాడేరు నుంచి వంజంగి, లంబసింగి వైపు సాగే కొండదారుల మీదా రాత్రిపూట మోటార్ సైకిల్ నడిపేవారికి బండితో వచ్చిన హెడ్‌లైట్ చాలడం లేదన్నది నిజం. ఆ కొరత తీర్చుకోవడానికి చాలామంది బిగించుకుంటున్న కళ్లు చెదిరే ఎల్‌ఈడీ బల్బులు ఎదుటివారి ప్రాణం మీదికి తెస్తున్నాయన్నదీ అంతే నిజం. మొదటి నిజాన్ని గుర్తించకుండా రెండోదాని మీద జరిమానా రాసి సరిపెట్టే విధానం కొండప్రాంత ప్రజలకు న్యాయం చేయదు. పరీక్షించి ఆమోదించిన మేలైన హెడ్‌లైట్‌ను చట్టబద్ధంగా అమర్చుకునే వీలును కేంద్ర ప్రభుత్వం కల్పించాలి. ఆ వీలు వచ్చేలోగా ఉన్న లైటునే సరిగ్గా వెలిగేలా, సరైన చోట వెలుగు పడేలా చేసి ఇచ్చే బాధ్యతను జిల్లా యంత్రాంగం తీసుకోవాలి. ఆమోదం లేని లైట్లను రోడ్డు మీద పట్టుకోవడానికి ముందే, అమ్మే దుకాణంలోనే ఆపాలి.

దీన్ని పర్యాటకుల సరదాకు సంబంధించిన వ్యవహారంగా చూడటం పొరపాటు. తెల్లవారుజామున వంజంగి కొండ మీద మేఘాలను చూడాలని విశాఖపట్నం నుంచి అర్ధరాత్రి బయలుదేరే యువకులు ఈ దారుల్లో ఎక్కువగా కనిపించేది వారాంతాల్లో, చలికాలంలో; ఏడాది పొడవునా చీకట్లో బండి నడిపేవారు మాత్రం మన్యంలోనే పుట్టి పెరిగిన గిరిజనులు, వారి మధ్య పనిచేసే ఉపాధ్యాయులు, ఏఎన్ఎంలు, సచివాలయ సిబ్బంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో డుంబ్రిగూడ, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల నుంచి జిల్లా కేంద్రమైన పాడేరుకు వచ్చి, పని ముగించుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడటం మామూలే. డిసెంబరులో ఐదున్నర ప్రాంతానికే సూర్యుడు అస్తమిస్తాడు. పడమట కొండ అడ్డున్న ఊళ్లలో అంతకుముందే నీడ కమ్ముకుంటుంది. సంత ముగిసిన వేళ వెనక సీటు మీద మనిషినీ, ఆ మనిషి వెనక రాజ్‌మా బస్తానో పసుపు మూటనో కట్టుకుని వందల బండ్లు ఒకేసారి కొండదారి పడతాయి. అదే దారి అంచున, అదే చీకట్లో, తలమీద మూటతో, భుజాన కావడితో నడిచి వెళ్లేవారి వరుస సాగుతుంటుంది. డోలీలో మోసుకొచ్చిన రోగిని రోడ్డు తగిలిన చోట అందుకోవడానికి 2018లో ఫీడర్ అంబులెన్సుల పేరుతో ఏజెన్సీలో ప్రవేశపెట్టినవి కూడా మోటార్ సైకిళ్లే. కాబట్టి ఇక్కడ హెడ్‌లైట్ అంటే అలంకారం కాదు, పంచాయతీ కుళాయి వంటి నిత్యావసరం.

దేశవ్యాప్త లెక్కలు కూడా ఇదే వైపు చూపిస్తున్నాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. రోజు మొత్తంలో ఎక్కువ ప్రమాదాలు నమోదయ్యేది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్యనే.

మన్యంలో ఎక్కువగా తిరిగే 100 నుంచి 150 సీసీ బండ్లలో చాలావాటికి 35 వాట్ల హాలోజన్ బల్బు ఉంటుంది. బల్బు నుంచి వెలువడే మొత్తం కాంతిని ల్యూమెన్లలో కొలుస్తారు. ఈ బల్బు ప్రమాణాల ప్రకారం దూరానికి కొట్టే హై బీమ్‌లో సుమారు 825, రోడ్డు మీదికి వంచి చూపే లో బీమ్‌లో సుమారు 525 ల్యూమెన్లు ఇవ్వాలి. కార్లలో వాడే 60/55 వాట్ల హెచ్4 బల్బు దీనికి దాదాపు రెట్టింపు ఇస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు ముందుకు సాగుతుంది. అడ్డంకిని చూసి బ్రేకు మీద కాలు పడటానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే అక్కడికే దాదాపు 17 మీటర్లు గడిచిపోతాయి, పొడి రోడ్డు మీద బండి పూర్తిగా ఆగడానికి మరో 12 మీటర్ల పైన కావాలి. దిగుడులో, తడి రోడ్డు మీద, వెనక బరువున్నప్పుడు ఆ దూరం ఇంకా పెరుగుతుంది. ముదురు రంగు బట్టలు కట్టుకుని రోడ్డు అంచున నడిచే మనిషి, తారు వెచ్చదనానికి రోడ్డు మీదే పడుకున్న నల్ల ఆవు, లో బీమ్‌లో ఆ దూరానికి ముందే కనిపిస్తారన్న భరోసా లేదు. కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 105వ నియమం చీకటి వేళ వాహనపు దీపాలు 155 మీటర్ల ముందున్న మనుషులనూ, వాహనాలనూ స్పష్టంగా చూపాలని చెబుతోంది. పుస్తకంలోని ఆ 155 మీటర్లకూ, అరకు దారిలోని గాలికొండ దగ్గరి మలుపులో నిజంగా కనిపించే దూరానికీ మధ్యనున్న ఖాళీలోనే మనుషులు పడిపోతున్నారు.

పాత బండ్ల మీద ఈ కొరత మరింత కరుకుగా తెలుస్తుంది. వాటిలో చాలావాటికి హెడ్‌లైట్ బ్యాటరీ నుంచి కాక, ఇంజిన్‌తోపాటు తిరిగే అయస్కాంతం దగ్గరి కాయిల్ నుంచి నేరుగా వెలుగుతుంది. దీన్నే ఏసీ విధానం అంటారు. ఇంజిన్ వేగంగా తిరిగితే లైటు ప్రకాశిస్తుంది, నెమ్మదిస్తే మందగిస్తుంది. అనంతగిరి నుంచి కిందికి దిగే బండి హెయిర్‌పిన్ మలుపు దగ్గరికి వస్తుంది. నడిపే మనిషి యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ పట్టి, బ్రేకు నొక్కుతాడు. ఇంజిన్ శబ్దం తగ్గుతుంది, దానితోపాటే ఎదుటి తెల్లని వెలుగు పసుపుకు, పసుపు నుంచి చితుకుల మంట రంగుకు దిగిపోతుంది. రోడ్డు ఎటు తిరిగిందో చూడాల్సిన ఆ రెండు మూడు సెకన్లలోనే రోడ్డు కనిపించకుండా పోతుంది. బ్యాటరీతో వెలిగే బండ్లలోనూ తుప్పు పట్టిన కనెక్షన్లు, సన్నని వైర్లు, అరిగిన స్విచ్చు కలిసి కొంత వోల్టేజిని మింగేస్తాయి. హాలోజన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. దీనికి తోడు వానాకాలపు తేమ లోపలికి చేరి రిఫ్లెక్టర్, అంటే బల్బు వెనక అద్దంలా మెరిసే గిన్నె, మసకబారిపోతే ఎంత మంచి బల్బు వేసినా ఫలితం ఉండదు.

ఈ కష్టాన్ని అనుభవించే మనిషి మెకానిక్ షెడ్డుకు వెళ్లి ఎక్కువ వెలుతురు కావాలని అడగడంలో తప్పేమీ లేదు. తప్పు అక్కడ దొరికే సరుకులో ఉంది. హాలోజన్ బల్బులోని సన్నని తీగ ఎక్కడ ఉండాలో లెక్కగట్టి, అక్కడి నుంచి వచ్చే కాంతిని కిందికి వంచేలా రిఫ్లెక్టర్‌ను తీర్చిదిద్దుతారు. దాని స్థానంలో చవక ఎల్‌ఈడీ బల్బును దూర్చినప్పుడు కాంతి పుట్టే చోటు, దాని ఆకారం మారిపోతాయి. కిందికి వంగాల్సిన వెలుగు నలుదిక్కులా చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది. బండికి పది అడుగుల ముందు నేల తెల్లగా మెరిసిపోతుంది కాబట్టి నడిపేవారికి వెలుతురు బాగా పెరిగిందనిపిస్తుంది; నిజానికి ఆ మెరుపుకు అలవాటుపడిన కంటికి దూరాన ఉన్నది ఇంకా తక్కువగా కనిపిస్తుంది. ఫాగ్ లైట్ల పేరుతో హ్యాండిల్ మీద బిగించే ఎల్‌ఈడీ బార్ల సంగతి ఇంకా ఘోరం. వాటిలో చాలావాటికి కాంతిని ఒక ఎత్తు దగ్గర కత్తిరించే ఏర్పాటే ఉండదు. కళ్లు బైర్లు కమ్మిన మనిషికి చూపు కుదుటపడటానికి మూడు సెకన్లు పట్టినా, 40 కిలోమీటర్ల వేగంలో 33 మీటర్లు గుడ్డిగా నడిచినట్టే. ఒక పక్క కొండ గోడ, మరో పక్క లోయ ఉన్న దారిలో 33 మీటర్లంటే ఒక మలుపు మొత్తం.

పొగమంచులో ఈ నష్టం రెట్టింపవుతుంది. గాలిలో తేలే నీటి బిందువులు తమ మీద పడిన కాంతిని తిరిగి నడిపేవారి వైపే విసురుతాయి. హై బీమ్ వేసినకొద్దీ ఎదురుగా తెల్లగోడ లేచినట్టవుతుంది. పసుపు రంగు లైటు మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం బలంగా ఉంది గానీ, మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి కావడంతో రంగు వల్ల పెద్ద తేడా రాదు. పసుపు కంటికి కాస్త హాయినిస్తే ఇవ్వవచ్చు. ఫ్రాన్స్ కూడా దశాబ్దాల పాటు పసుపు హెడ్‌లైట్లను తప్పనిసరి చేసి, 1993లో ఆ నిబంధనను వదులుకుంది. మంచులో నిజంగా పనికొచ్చేది కిందగా అమర్చి, వెడల్పుగా పరుచుకుని, పైకి ఒక్క కిరణం కూడా పోకుండా కత్తిరించినట్టు ఆగే వెలుగు. అన్నిటికీ మించి తగ్గిన వేగం.

చట్టం ఏం చెబుతోందన్నది ఇక్కడ కీలకం. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే అవకాశమిచ్చింది. అయితే ఆ సవరణే మరో తలుపును కూడా తెరిచిందన్న సంగతి అంతగా చర్చకు రాలేదు: వాహనాల్లో చేయదగిన మార్పులకు ప్రమాణాలను, ఆమోద నిబంధనలను కేంద్రం నిర్ణయించవచ్చనీ, అలా చేసిన మార్పు వల్ల తయారీదారు ఇచ్చిన వారంటీ చెల్లకుండా పోదనీ 52వ సెక్షన్‌లోనే చేర్చారు. సీఎన్‌జీ కిట్లకు ఇలాంటి ఆమోద విధానం ఎప్పటినుంచో ఉంది. పెట్రోలు ఖర్చు తగ్గించే కిట్టుకు దారి చూపిన ప్రభుత్వం ప్రాణం కాపాడే దీపానికి దారి చూపలేకపోవడానికి సమర్థన లేదు. జర్మనీలో 2020లో తొలిసారి ఒక ఎల్‌ఈడీ మార్పిడి బల్బుకు రోడ్డు మీద వాడుకునే అనుమతి వచ్చినప్పుడు, అది అన్ని వాహనాలకూ గంపగుత్తగా ఇచ్చిన అనుమతి కాదు; ఏ మోడల్ హెడ్‌లైట్‌లో అమర్చితే కాంతి చెదరదో పరీక్షించి, ఆ మోడళ్ల జాబితా మేరకే ఇచ్చారు. పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థలున్న దేశానికి ఆ పని అసాధ్యం కాదు. దేశంలో బాగా అమ్ముడుపోయిన పది, పదిహేను మోడళ్లతో మొదలుపెట్టినా మన్యంలో తిరిగే బండ్లలో చాలా భాగం అందులోకి వచ్చేస్తాయి.

ఢిల్లీలో నియమం తయారయ్యేదాకా పాడేరులో చేతులు కట్టుకుని కూర్చోవలసిన అవసరం లేదు. ఎక్కువ బండ్లకు ముందుగా కావలసింది కొత్త దీపం కాదు, ఉన్న దీపానికి గురి. వెనక మనిషి, మూట ఎక్కగానే బండి వెనక భాగం కుంగి ముందు భాగం లేస్తుంది. లో బీమ్ రోడ్డును వదిలి ఎదుటివారి ముఖం మీదికి పోతుంది. దీన్ని సరిచేయడానికి ఒక గోడ, ఒక సుద్దముక్క, ఒక స్క్రూడ్రైవర్ చాలు. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో, రోజూ వెళ్లే బరువుతోనే బండిని నిటారుగా నిలబెట్టి, నేల నుంచి హెడ్‌లైట్ మధ్యభాగం ఎంత ఎత్తున ఉందో కొలిచి గోడ మీద అంతే ఎత్తున గీత గీయాలి. లో బీమ్ వేసినప్పుడు వెలుగు పై అంచు ఆ గీతకు 10 నుంచి 15 సెంటీమీటర్ల కిందనే ఆగేలా హెడ్‌లైట్ అడుగునున్న స్క్రూను తిప్పాలి. ఒక్కో బండికి ఐదు నిమిషాలు. మసకబారిన రిఫ్లెక్టర్ స్థానంలో ఆ కంపెనీదే కొత్తది వేయడం, బ్యాటరీతో వెలిగే బండ్లకు కనెక్షన్లు శుభ్రం చేసి అసలు మందం ఉన్న వైరు వేయడం, అరిగిన స్విచ్చు మార్చడం, ఇవేవీ చట్టం కాదనే మార్పులు కావు. 35 వాట్ల చోట 60 వాట్ల బల్బు పెట్టడం మాత్రం హోల్డర్‌ను కరిగించి, కాయిల్‌ను కాల్చి, ఉన్న వెలుగునూ ఆర్పేస్తుంది. ఈ తేడా చెప్పేవారు లేకనే జనం చవక ఎల్‌ఈడీల వైపు పోతున్నారు.

రోడ్డుకూ తన వంతు బాధ్యత ఉంది. 2021 ఫిబ్రవరి 12 సాయంత్రం అనంతగిరి ఘాట్‌లోని డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించినప్పుడు ఘాట్ రోడ్డు భద్రత గురించి కొన్నాళ్లు మాట్లాడుకున్నారు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి ఈ కొండలకు కొత్త వేగాన్ని తెస్తోంది. వేగం పెరిగిన చోట హెడ్‌లైట్ పడగానే మెరిసే అంచు స్తంభాలు, తెల్ల గీతలు, మలుపుల్లో కుంభాకార అద్దాలు వేగంకంటే ముందే రావాలి. చిన్న బల్బు వెలుగునే ఎన్నో రెట్లు ఉపయోగపడేలా చేసేవి ఆ స్తంభాలు, గీతలే, ఎందుకంటే అవి కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్న నియమంతోపాటు, మలుపు ముందే డిప్పర్ కొట్టి లో బీమ్‌లోకి రావాలన్న అలవాటు కూడా లైసెన్సు పరీక్షలో భాగం కావాలి. ఎక్కే దారిలో ఎంత సరిగా అమర్చిన లైటైనా పై మలుపులో ఉన్నవారి కళ్లలోకే చూస్తుంది.

కాఫీ పండ్ల కోత నవంబరులో ఊపందుకుంటుంది, మంచూ అప్పుడే దిగుతుంది. ఆలోగా రవాణా శాఖ, పోలీసు శాఖ, పాడేరు ఐటీడీఏ కలిసి అరకు, హుకుంపేట, చింతపల్లి సంతల్లో వారానికో రోజు ఉచితంగా లైట్లు సరిచేసే శిబిరాలు నడపాలి. ఐటీఐ చదువుతున్న గిరిజన యువకులకు ఈ పని నేర్పి, రోజు కూలీ ఇచ్చి అక్కడ కూర్చోబెట్టాలి. మొదటిసారి పట్టుబడిన ఎల్‌ఈడీ బల్బును తీసేసి, ఆ బండికి సరిపడే హాలోజన్ బల్బు బిగించి, గోడ ముందు గురి చూపించి పంపాలి. 5,000 రూపాయల రసీదు రెండోసారికి ఉంచాలి. రాజ్‌మా బస్తాతో బయలుదేరే బండి సంత దాటి చీకట్లోకి వెళ్లకముందే ఆ సుద్దగీత ముందు ఒకసారి ఆగాలి.