వికలాంగులను సాకే ఇంటివారి లెక్క ఏదీ?

మిర్చి ఏరే రోజులు వచ్చాయంటే మహబూబాబాద్ తండాల నుంచి తెల్లవారేసరికే కూలీల ఆటోలు బయలుదేరతాయి. పెద్దలంతా కూలికి పోయిన ఇంట్లో లేచి నడవలేని బిడ్డ వుంటే, ఆ బిడ్డకు పగటిపూట దిక్కెవరు? బడి మానిన అక్క. అక్క కూడా లేని ఇంట్లో తలుపుకు బయట గొళ్ళెం. జనగామ పత్తి చేల పక్క వూళ్ళలోనూ, భూపాలపల్లి అటవీ గ్రామాలలోనూ ఇటువంటి ఇళ్ళు వున్నాయి. దీనిని తల్లిదండ్రుల కాఠిన్యమనడం అన్యాయం. కూలికి పోనినాడు పొయ్యి రాజని ఇళ్ళవి.

పింఛను వస్తున్నది కదా అని అడిగేవారున్నారు. వస్తున్నది. 2014లో ఆసరా కింద నెలకు రూ.1,500గా మొదలైన వికలాంగుల పింఛను 2019లో రూ.3,016కు, 2023లో రూ.4,016కు పెరిగింది. సంతోషించదగినదే. కాని అది వికలాంగుని పొట్టకూ, మందులకూ. అతనిని ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, తినిపించి, సర్టిఫికెట్ శిబిరానికి వీపున మోసుకుపోయే మనిషి ఏ రిజిస్టరులోనూ కనబడదు. సాధారణంగా ఆమె తల్లి, లేదా భార్య, లేదా పన్నెండేళ్ళ చెల్లెలు. 2011 జనాభా లెక్కలలో వికలాంగుల వివరాలు అడిగారు గాని, వారిని చూసుకొనేదెవరని అడగలేదు.

చట్టం మాత్రం ఈ మనిషిని మరచిపోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు పెట్టవచ్చునన్నది. ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అన్న మెలిక కూడా అందులోనే వున్నదనుకోండి! కేరళ ప్రభుత్వం 'ఆశ్వాసకిరణం' పేరిట ఇటువంటి సంరక్షకులకు నెలకు రూ.600 నిర్ణయించింది. చిన్న మొత్తమే. అయినా ఆ చాకిరీని పనిగా గుర్తించినట్లయింది.

ఇక పిల్లల రక్షణ సంగతి. పిల్లల వైకల్యాన్ని ఆసరా చేసుకొని జరిపే లైంగిక నేరాలకు 2012 పోక్సో చట్టం మరింత కఠిన శిక్ష పెట్టింది. శిక్ష నేరం జరిగిన తరువాతి మాట. గొళ్ళెం వెనుక వున్న మాటరాని పిల్ల 1098కి ఫోను చేయగలదా? తీవ్ర వైకల్యమున్న పిల్లలకు ఇంటివద్దనే చదువు పొందే హక్కు విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చింది. తమ్ముని కోసం బడి మానిన అక్కకు మాత్రం హాజరు పట్టీలో గైర్హాజరు పడుతుంది; ఎందుకు మానిందో అందులో రాసేవారుండరు.

2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు పాలన ప్రజలకు దగ్గరవుతుందన్నారు. అయితే ఈ పని ముగ్గురు కలెక్టర్లకూ కష్టమైనది కాదు. వికలాంగుల పింఛను జాబితాలు సిద్ధంగానే వున్నాయి. ప్రతి పేరు పక్కన మరో గడి గీయించాలి: ఈ మనిషిని పగలు చూసుకొనేదెవరు, వయసెంత, బడి ఈడు పిల్ల అయితే బడికి పోతున్నదా? ఆశా కార్యకర్త, అంగన్వాడీ టీచరు కలిసి తిరిగితే ఏ వూరి లెక్క ఆ వూరిలో తేలుతుంది. బడి మానిన పిల్లల పేర్లు పిల్లల రక్షణ అధికారికి చేరాలి. పత్తి, మిర్చి పనుల నెలల్లో ఈ బిడ్డలను పగటిపూట వుంచుకొనే చోటు మండలానికి ఒకటైనా, భవిత కేంద్రంలోనో మరో చోటనో, ఏర్పాటు చేయాలి. వచ్చే మిర్చి కోతలు మొదలుకాకముందే ఇది జరగాలి.