సిమ్యులేటరు జాప్యము: ఎంతవరకు సహ్యము?

నేల విడువకయే విమానచోదనము నేర్పు యంత్రమునకు సిమ్యులేటరని పేరు. హైదరాబాదున ఇట్టి యంత్రములపై మన యువజనులు శిక్షణ పొందుచున్నారు. ఈ విద్యకగు వ్యయము లక్షలతో కూడినది. బిడ్డలను పంపదలచినవారు ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: చోదకుడు పిడిని కదల్చిన పిమ్మట యంత్రము బదులిచ్చుటకు ఎంత కాలము పట్టును?

అమెరికా నిబంధనలలో చిరకాలము క్రింది తరగతుల సిమ్యులేటర్లకు 300, పై తరగతులకు 150 మిల్లీసెకండ్లు పరిమితిగా నుండెను. ఇది రెప్పపాటే కదా యనవచ్చును. గంటకు 240 కిలోమీటర్ల వేగమున దిగు విమానము ఆ 150 మిల్లీసెకండ్లలో 10 మీటర్లు సాగును.

దూరముకంటె అలవాటు ముఖ్యము. పిడి త్రిప్పగా బదులు రాకున్న, చోదకుడు మరికొంత త్రిప్పును. అంతలో రెండు బదుళ్లును కలిసి వచ్చును, అతడు వెనుకకు లాగును, ఊగిసలాట మొదలగును. 1977 అక్టోబరు 26న అమెరికాలో ఎంటర్‌ప్రైజ్ అను వ్యోమనౌక దిగునపుడు ఇట్లే జరిగెను. అచట నియంత్రణ వ్యవస్థలోని జాప్యము ఒక కారణమని తేలెను. 1978లో ఎఫ్-8 విమానమున జాప్యమును బుద్ధిపూర్వకముగా పెంచి పరీక్షింపగా, ఆరితేరిన చోదకులును తడబడిరి. ఇక నేర్చుకొనువాని గతి యేమి?

విమానమునకే కొంత జాప్యము లేదా యని కొందరందురు. కలదు. మా పాల్వంచ తాప విద్యుత్కేంద్రమున బొగ్గు హెచ్చించిన తక్షణమే ఆవిరి హెచ్చదు. అది బాయిలరు స్వభావము, దానిని నేర్వవలసినదే. విమానము యొక్క సహజమైన జాప్యమును చూపుట సిమ్యులేటరు ధర్మము. పైని పరిమితి, దానికి మించి సిమ్యులేటరు తానై కలుపు కల్ల జాప్యమునకు సంబంధించినది. అట్టి యంత్రముపై నేర్చినవాడు లేని విమానమును నడుపుట నేర్చినవాడగును.

చట్టము "ఇంతకు మించరాదు" అనుచున్నదే కాని "ఇంతవరకు దోషము లేదు" అనుట లేదు. ధ్రువపత్రము లేని బల్లమీది యంత్రములకు ఈ హద్దును లేదు. కావున ప్రతి శిక్షణాలయమును తన సిమ్యులేటరు జాప్యమును కొలిపించి, కడపటి కొలతను తేదీతో గూడ గోడపై ప్రకటింపవలయును. ప్రభుత్వము దీనిని విధిగా చేయవలయును. అంతవరకు, తల్లిదండ్రులారా, ఆ అంకె చూడక రుసుము చెల్లింపకుడు. రేపు ఆ చేతులను నమ్మి వందలమంది విమానమెక్కుదురు.