కొలువు నుండి పొలానికి

నెలజీతపు ఉద్యోగాన్ని విడిచి పల్లెకు తరలి, రెండు మూడు ఎకరాలలో రసాయనాలు లేని సేద్యం చేయాలని సంకల్పించేవారి మాట ఈ మధ్య తరచుగా వినవస్తున్నది. ఒక తరం క్రితం ఇది పిచ్చితనంగా తోచేది. నేడు కొందరు దీనిని ఆదర్శమని పొగడుతున్నారు. మరికొందరు కలిగినవారి వేడుక అని తీసిపారేస్తున్నారు. ఈ రెండు తీర్పులూ తొందరపాటు తీర్పులేనని మా అభిప్రాయం.

ఈ సేద్యానికి పర్మాకల్చర్ అని పేరు. తెలుగులో శాశ్వత వ్యవసాయం అంటున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మొలిసన్, డేవిడ్ హోంగ్రెన్ 1978లో వెలువరించిన గ్రంథంతో ఈ పేరు లోకానికి తెలిసింది. అడవిని చూచి పొలాన్ని తీర్చిదిద్దుకోవడం దీని సారాంశం. అడవిని ఎవరూ దున్నరు, ఎరువు వేయరు. అయినా అది పచ్చగానే ఉంటుంది. రాలిన ఆకు నేలను కప్పుతుంది, పెద్ద చెట్టు చిన్న మొక్కకు నీడనిస్తుంది, ఒకదాని వ్యర్థం మరొకదానికి ఆహారమవుతుంది. ఈ క్రమాన్నే పొలంలోకి తెస్తారు. దినమూ కావలసిన కూరగాయలు ఇంటి చెంత, అప్పుడప్పుడు చూచే పండ్లచెట్లు కొంత దూరాన, కలపనిచ్చే చెట్లు పొలిమేరన ఉంటాయి. మొలిసన్ 1987లో భారతదేశానికి వచ్చారు. 2017లో ఈ విషయమై అంతర్జాతీయ సమావేశం హైదరాబాదులోనే జరిగింది. అయితే జహీరాబాదు ప్రాంతపు మహిళా రైతులు జొన్న, కంది, కొర్ర, అలసంద మొదలైన అనేక పంటలను ఒకే చేనిలో కలిపి పండించడానికి ఈ పేరు తెలియవలసిన అవసరమే కలుగలేదు.

కొలువు విడిచి పొలానికి వెళ్ళదలచినవారు ముందుగా తెలుసుకోవలసినది జపాను దేశీయుడు మసనోబు ఫుకువోకా జీవితం. ఆయన యొకొహామా రేవులో దిగుమతి అయ్యే మొక్కల తెగుళ్ళను పరీక్షించే ఉద్యోగి. 1938లో, ఇరవై అయిదేళ్ళ ప్రాయంలో, ఉద్యోగం మాని స్వగ్రామం చేరారు. ప్రకృతికి విడిచిపెడితే చాలునని తండ్రిగారి నారింజ తోటలో కొమ్మల కత్తిరింపు మానివేశారు. కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి, చెట్లు ఎండిపోయాయి. ఆయన తిరిగి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కొలువుకు కుదిరి, చాలా ఏళ్ళు పనిచేసి, రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతనే మరల పొలం చేరారు. 1988లో మెగసెసే పురస్కారం పొందిన ఆ మహానుభావుడు మొదటి యత్నంలోనే గెలువలేదు. ఆయన గ్రంథం ‘గడ్డిపరకతో విప్లవం’ పేరున తెలుగులోకి వచ్చింది. దానిని చదివి పరవశించేవారు ఈ వృత్తాంతాన్ని మాత్రం మరచిపోరాదు. వదలివేయడం వేరు, ప్రకృతిని ఎరిగి నడుచుకోవడం వేరు.

ఎరగడమంటే లెక్క తెలియడం కూడ. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వర్షం పడేచోట ఒక్క ఎకరం మీద కురిసే నీరు సుమారు 28 లక్షల లీటర్లు. అది వాగులో కలిసి పోతే వేసవిలో బోరును నిందించి ప్రయోజనం లేదు. వాలుకు అడ్డంగా కందకాలు తీసి, గట్లమీద కానుగ, సీతాఫలం నాటి, నేలను ఎండుటాకుతో కప్పితే ఆ నీటిలో మంచి భాగం భూమిలోనే నిలుస్తుంది. రెండవ లెక్క కాలానిది. ఏకవార్షిక మునగ ఆరు నుండి ఎనిమిది నెలలలోను, బొప్పాయి పది నెలలలోను కాపుకు వస్తాయి. అంటు మామిడికి నాలుగైదేళ్ళు పడుతుంది. చింతకు ఇంకను ఎక్కువ. కనుక తొలి మూడేళ్ళ ఇంటిఖర్చుకు వేరే ఆధారం లేనివారు కొలువు విడువరాదు. సెలవు దినాలలో అరెకరం చేసి, నేల స్వభావం తెలిసిన పిదప అడుగు ముందుకు వేయడమే వివేకం.

ఇక్కడ మనసును కలచే మరొక ప్రశ్న ఉన్నది. విడిచిపెట్టడానికి ఉద్యోగమూ, కొనడానికి సొమ్మూ ఉన్నవారికే ఈ మార్గం తెరచి ఉన్నదా? మన విద్యార్థులలో చేతివృత్తులవారి, చిరువ్యాపారుల, కూలీల పిల్లలు ఎందరో ఉన్నారు. వారికి సెంటు భూమి లేదు. పట్నవాసి పొలం కొని, ఫలకం తగిలించి, ఆదివారాలు మాత్రమే వచ్చి పోతే, అంతకుముందు ఆ నేలను కౌలుకు చేసిన రైతు ఎక్కడికి పోవాలి? పొలానికి వచ్చే చదువరి, ఆ మట్టిని ఎరిగిన కౌలుదారునో కూలీనో గురువుగా, భాగస్వామిగా స్వీకరించి, తగిన ప్రతిఫలం ఇవ్వాలి. లేనిచో భూమి శాశ్వతంగా ఉండవచ్చును గాని బ్రతుకులు శాశ్వతం కాజాలవు.

కావున కళాశాల కమిటీవారికి మా విన్నపం ఒకటి. ఆవరణలో పది సెంట్ల ఖాళీ స్థలాన్ని విద్యార్థుల తోటకు కేటాయించండి. వజూ చేసిన నీరు మురుగుకాలువ పాలు కాకుండ అరటి పాదులకు మళ్ళించవచ్చును. వంటశాల తొక్కలు, రాలిన ఆకులు కుళ్ళి ఎరువవుతాయి. చుట్టుపట్ల గ్రామాల నుండి అనుభవమున్న రైతును పిలిచి, ఉపన్యాసకులకు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇచ్చి పాఠం చెప్పించండి. సీతాఫలాన్ని మన తెలుగువారూ, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారూ ఇంచుమించు ఒకే పేరుతో పిలుస్తారు. ఆ చెట్టు క్రింద ఉభయ భాషల విద్యార్థులు కలిసి పారపట్టడం ఏ సభలోనూ దొరకని విద్య.

విద్యార్థులారా! అందరూ రైతులు కావాలని మేము కోరడం లేదు. ఉద్యోగాలు సంపాదించండి, తల్లిదండ్రుల కష్టం తీర్చండి. కాని చదువు అంటే మట్టికి దూరం కావడమేనన్న భావాన్ని మాత్రం విడువండి. ఏనాడైనా పొలం మిమ్మును పిలిస్తే, పది సెంట్లలో నేర్చిన పాఠం పదెకరాలలో జరుగబోయే నష్టాన్ని తప్పించగలదు.