యువ ఉద్యోగులారా, ఆదివారం పొద్దున రెండు గంటలు ఇవ్వండి!

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో పనిచేస్తున్న మిత్రులారా!

మన టీముల్లో అస్సాం అమ్మాయి ఉంది, ఒడిశా అబ్బాయి ఉన్నాడు. పొద్దున్నే జపాన్ వాళ్లతో కాల్, సాయంత్రం జర్మనీ వాళ్లతో. జావా, పైథాన్ అమీర్‌పేటలో నేర్చుకున్నాం. ఇందరితో కలిసి మెలగడం ఎక్కడ నేర్చుకున్నాం?

మధ్యాహ్నం క్యాంటీన్‌లో గమనించండి. ఐదుగురం తెలుగువాళ్లం గోంగూర పచ్చడి పంచుకుంటూ సినిమా కబుర్లలో పడతాం. ఆరో కుర్చీలో ఉన్న అస్సాం అమ్మాయి కాసేపు మన ముఖాలు చూస్తుంది, తర్వాత ఫోన్ చూసుకుంటుంది, గబగబా తిని లేచిపోతుంది. ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా పనిలో తనకు చిక్కొస్తే ఆమె ఇక మనల్ని అడగదు. రేపు పుణెలోనో మ్యూనిక్‌లోనో ఆ కుర్చీ మనకే రావచ్చు.

మేనేజరు "అర్థమైందా?" అంటే కాకపోయినా తలూపేస్తాం. పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెరిగాం మరి. కాల్‌లో ఉన్న జర్మన్ మాత్రం దాన్ని మాటిచ్చినట్టే తీసుకుంటాడు. గడువుకు పని కాకపోతే నమ్మకం పోతుంది. ఆయన "ఇది తప్పు" అని ముఖం మీదే అంటే మనకు తల కొట్టేసినట్టుంటుంది. ఆయన తప్పుబట్టింది పనిని, మనల్ని కాదు. ఇలాంటివి పుస్తకం బట్టీపడితే రావు.

బడి బయటి చదువు ఈ ఊరికి కొత్త కాదు. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు గార్లు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయాన్ని తామే పూనుకుని ఇక్కడ స్థాపించారు. వేర్వేరు దేశాలవాళ్లు కలిసి పనిచేస్తూ నేర్చుకోవడమూ కొత్త కాదు. 1920లో స్విట్జర్లాండ్ ఇంజినీరు పియరీ సెరెసోల్, వెర్డన్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఫ్రెంచి ఊరిని తిరిగి కట్టడానికి జర్మన్లను కూడా వెంటబెట్టుకొచ్చి పార పట్టించారు. అక్కడ వ్యతిరేకత వచ్చి కొన్ని నెలలకే ఆపాల్సి వచ్చింది. ఆయన ఆగలేదు. 1934 భూకంపం తర్వాత మన బీహార్‌కూ వచ్చి ఊళ్లు కట్టించారు. కలిసి పనిచేస్తేనే మనిషి మనిషికి అర్థమవుతాడని మేమూ నమ్ముతున్నాం.

అందుకే ఆదివారం పొద్దున ఎనిమిది పదిమంది ఒకచోట చేరండి. మీ ఇళ్లలో మాట్లాడే భాషలు కనీసం మూడుండాలి. హాస్టల్ డాబా, కాలనీ పార్కు, శాఖా గ్రంథాలయం, ఏదైనా చాలు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, సారు లేడు. ఆ వారం ఆఫీసులో బెడిసికొట్టిన ఒక సంభాషణ తీసుకుని, పాత్రలు మార్చుకుని మళ్లీ ఆడి చూడండి. కొత్తగా చేరినవాళ్లు మేనేజరు వేషం వెయ్యాలి. పేర్లు చెప్పొద్దు, అక్కడ విన్నది ఆఫీసుకు మోయొద్దు. మిగిలిన గంట ఒకరి భాష ఇంకొకరికి. గేటు దగ్గరి బీహారీ వాచ్‌మన్ అన్ననీ, హాస్టల్ వంటాయననీ తప్పక పిలవండి. పొట్ట చేతపట్టుకుని ఊరూరూ తిరిగిన వాళ్లు ఈ విద్యలో మనకన్నా సీనియర్లు.

శనివారం రాత్రిలోగా ఇద్దరిని అడగండి, అందులో ఒకరు తెలుగు రానివాళ్లయి ఉండాలి. ఆదివారం ఏడున్నరకు మొదలుపెట్టండి. ఈ కాగితం పారేయకుండా మీ హాస్టల్ నోటీసు బోర్డుకు అంటించండి.

— మీ తోటి ఉద్యోగులు